పారీ జీపీని సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

పారీ జీపీ సంఖ్యా సిద్ధాంతం లెక్కలకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో పారీ లైబ్రరీ, జీపీ మనం లెక్కలు టైపు చేసే ప్రోగ్రాము. దాని సోర్స్ కోడును మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేసి నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవడమే బిల్డ్. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ఎమ్మెస్సీ గణితం చదివేవాళ్ళూ అక్కడి ల్యాబులు చూసుకునే అధ్యాపకులూ తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పారీ జీపీని సోర్స్ నుంచి బిల్డ్ చేయబోతే మధ్యలో ఆగిపోతోంది, తప్పు ఎక్కడ జరుగుతోంది? వాళ్ళు పంపే స్క్రీన్‌షాట్లు చూస్తే చాలాసార్లు తప్పు ఆగిన చోట ఉండదు. అంతకు ముందే, కంప్యూటర్‌లో ఏమేం ఉన్నాయో వెతికి బిల్డ్‌కు సిద్ధం చేసే కాన్ఫిగర్ స్క్రిప్టు తెర మీద చెప్పిన మాటల్లో ఉంటుంది. ఆ మాటలు ఎవరూ చదవరు. అందుకే ఆ దశ గురించీ, బిల్డ్ తర్వాత చేయాల్సిన పరీక్షల గురించీ ఇక్కడ ఎక్కువగా రాశాను.

ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిషు అక్షరాలతోనే టైపు చేయాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

## 1. అసలు సోర్స్ బిల్డ్ అవసరమా?

ఉబుంటు, డెబియన్ లినక్స్ వాడుతూ సుడో హక్కు (అడ్మినిస్ట్రేటర్‌గా ఆదేశాలు నడిపే వీలు) ఉన్నవాళ్ళకు ఒక్క ఆదేశం చాలు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పారీ-జీపీ

కారణాంకాలు, ఎలిప్టిక్ వక్రాలు, సంఖ్యా క్షేత్రాల మీద తరగతి పనికి అది సరిపోతుంది. కింది వాటిలో ఒక్కటైనా మీకు వర్తిస్తేనే ముందుకు వెళ్ళండి.

- ల్యాబు కంప్యూటర్‌లో మీకు సుడో హక్కు లేదు.
- ఉబుంటు ఇచ్చే వెర్షన్ పాతది, మీకు కావలసిన ఫంక్షన్ కొత్తదానిలోనే ఉంది.
- ప్రాసెసర్ కోర్లన్నీ వాడుకునేలా థ్రెడ్లతో (ఒకేసారి సమాంతరంగా నడిచే పనులతో) బిల్డ్ చేయాలి.
- పారీ లైబ్రరీని పిలుస్తూ సొంతంగా సీ ప్రోగ్రాములు రాస్తున్నారు, డీబగ్ సమాచారం కావాలి.

## 2. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

విండోస్ వాడేవాళ్ళు ముందు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్‌ను నడిపే ఏర్పాటు) పెట్టుకోండి. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్ఎల్ డాష్ డాష్ ఇన్‌స్టాల్ అని ఇస్తే ఉబుంటు వస్తుంది. అక్కడి నుంచి పనంతా ఉబుంటు హోమ్ ఫోల్డరులోనే చేయాలి. సీ డ్రైవులో పెట్టి బిల్డ్ చేస్తే చాలా నెమ్మదిస్తుంది, ఫైళ్ళ అనుమతులతోనూ తలనొప్పి.

ఉబుంటులో, సుడో ఉంటే:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ లిబ్‌జీఎంపీ-డెవ్ లిబ్‌రీడ్‌లైన్-డెవ్

బిల్డ్-ఎసెన్షియల్‌లో జీసీసీ (సీ భాష కంపైలర్), మేక్ (ఫైళ్ళను వరుసగా కంపైల్ చేయించే పనిముట్టు) ఉంటాయి. జీఎంపీ పెద్ద సంఖ్యల గుణకార భాగహారాలను వేగంగా చేసే లైబ్రరీ. అది లేకపోయినా పారీ తన సొంత కోడుతో పనిచేస్తుంది కానీ, వేల అంకెల సంఖ్యల దగ్గర నెమ్మదిస్తుంది. రీడ్‌లైన్ ఉంటే బాణం మీట నొక్కి పాత లైన్లను వెనక్కి తెచ్చుకోవచ్చు. సోర్స్‌ను గిట్ (అభివృద్ధిలో ఉన్న కోడు ఉండే చోటు) నుంచి తీసుకుంటే బైసన్ అనే పనిముట్టు కూడా కావాలి. విడుదల చేసిన టార్ ఫైలుకు (సోర్స్ అంతా ఒకటిగా కట్టిన మూట) అది అక్కర్లేదు.

పేరు చివర ఉన్న డెవ్ అనే ముక్కను వదిలేయకండి. జీఎంపీ లైబ్రరీ చాలా కంప్యూటర్లలో ముందే ఉంటుంది, ఎందుకంటే జీసీసీకే అది అవసరం. కానీ దాని హెడర్ ఫైలు డెవ్ ప్యాకేజీలోనే వస్తుంది. అది లేకపోతే వంటవాళ్ళు వచ్చారు కానీ సామాన్ల చీటీ ఇంట్లోనే ఉండిపోయినట్టు: లైబ్రరీ ఎదురుగా ఉన్నా కంపైలర్‌కు దానిలో ఏమున్నదో తెలియదు. "జీఎంపీ ఉంది కదా, లేదంటుందేమిటి?" అని అడిగేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- ఫోల్డర్ల పేర్లలో ఎక్కడా ఖాళీ జాగా లేదు.
- జీసీసీ డాష్ డాష్ వెర్షన్ అంటే జవాబు వస్తోంది.
- కంప్యూటర్ గడియారం సరైన తేదీ, సమయం చూపిస్తోంది.
- డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉంది, ల్యాప్‌టాప్ అయితే ఛార్జింగ్ నిండుగా ఉంది.

గడియారం సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన పాత ల్యాబు కంప్యూటర్లలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి వెళ్తుంది. మేక్ పనంతా ఫైళ్ళ సమయాలను పోల్చి చూడటం మీదే ఆధారపడి ఉంది. దీని ఫలితం పదో భాగంలో చూడండి.

## 3. సోర్స్‌ను దింపుకోవడం, సరిచూడటం, విప్పడం

పారీ సొంత వెబ్‌సైటులోని డౌన్‌లోడ్ పేజీలో స్టేబుల్ అని రాసి ఉన్న విడుదలనే తీసుకోండి. టెస్టింగ్ అని ఉన్నది కొత్త ఫంక్షన్లు ప్రయత్నించేవాళ్ళకు. ఫైలు కొన్ని మెగాబైట్లే కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. మధ్యలో తెగిపోతే డబ్ల్యూగెట్ డాష్ సీ అని, అదే లింకు మళ్ళీ ఇవ్వండి. ఆగిన చోటు నుంచి అందుకుంటుంది.

టార్ ఫైలుతో పాటు అక్కడే సంతకం ఫైలు కూడా ఉంటుంది. జీపీజీ డాష్ డాష్ వెరిఫై ఆదేశానికి ముందు సంతకం ఫైలు, తర్వాత టార్ ఫైలు ఇవ్వండి. గుడ్ సిగ్నేచర్ అని వస్తే ఫైలు చెక్కుచెదరలేదు. సంతకం చేసినవాళ్ళ తాళంచెవిని (పబ్లిక్ కీ) మీరు నమ్మకమైనదిగా గుర్తించలేదన్న హెచ్చరిక కూడా కింద రావచ్చు, దానికి కంగారు అక్కర్లేదు. బ్యాడ్ సిగ్నేచర్ అని వస్తే మాత్రం ఫైలును తీసేసి మళ్ళీ దింపుకోండి.

విప్పడం లినక్స్ లోపలే, టార్ ఎక్స్ఎఫ్ ఆదేశంతో చేయండి. విండోస్‌లో విప్పి లోపలికి కాపీ చేస్తే స్క్రిప్టులకు నడిచే అనుమతి పోతుంది, కొన్ని విప్పే ప్రోగ్రాములు లైన్ల చివరి గుర్తులను కూడా మార్చేస్తాయి. అప్పుడు బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అనే అర్థం కాని సందేశం వస్తుంది.

## 4. కాన్ఫిగర్: ఇక్కడ తొందరపడకండి

విప్పిన ఫోల్డరులోకి వెళ్ళి ఇలా ఇవ్వండి: చుక్క, ఏటవాలు గీత, వెంటనే కాన్ఫిగర్. పారీలో ఈ పేరు మొదటి అక్షరం పెద్దది. మిగతా చాలా సాఫ్ట్‌వేర్లలో చిన్నక్షరం. నో సచ్ ఫైల్ అని వచ్చిందంటే మొదట చూడాల్సింది ఇదే.

నేను సూచించే రూపం ఇది:

చుక్క-గీత కాన్ఫిగర్ డాష్ డాష్ ప్రిఫిక్స్ ఈక్వల్స్ డాలర్ హోమ్, ఏటవాలు గీత, ఆప్ట్, ఏటవాలు గీత, పారీ. తర్వాత డాష్ డాష్ ఎంటీ ఈక్వల్స్ పీథ్రెడ్

ఈక్వల్స్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. హోమ్ అన్న మాట పెద్దక్షరాల్లో ఉండాలి.

ప్రిఫిక్స్ అంటే చివరికి అన్నీ ఎక్కడ చేరాలో చెప్పడం. చెప్పకపోతే యూఎస్ఆర్ లోకల్‌లోకి వెళ్తాయి, దానికి సుడో కావాలి, తర్వాత ఏరివేయడమూ కష్టం. సొంత హోమ్‌లో పారీకంటూ ఒక ఫోల్డరు ఇస్తే, వద్దనుకున్న రోజు ఆ ఒక్క ఫోల్డరు తీసేస్తే సరిపోతుంది. సుడో ఉన్నవాళ్ళకు కూడా నా సలహా ఇదే.

ఎంటీ అన్నది థ్రెడ్ల కోసం. ఇది ఇవ్వకపోతే పార్‌ఫర్, పార్‌అప్లై వంటి ఫంక్షన్లు నడుస్తాయి కానీ ఒకే కోరు మీద నడుస్తాయి.

ఇప్పుడు తెరను పైకి జరిపి నిదానంగా చదవండి. స్క్రిప్టు ఒక్కొక్కటే వెతుకుతూ, దొరికినదీ దొరకనిదీ రాసుకుంటూ పోతుంది. దొరకనిది తప్పనిసరి కానిదైతే ఆగదు, అది లేకుండానే సర్దుకుపోతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎర్రర్ రాలేదని మీరు మేక్ మొదలుపెడతారు. చివరికి వచ్చే పారీ జీఎంపీ లేని, రీడ్‌లైన్ లేని పారీ.

కాన్ఫిగర్ తర్వాత ఈ నాలుగూ చూడండి:

- సీ కంపైలర్ పేరు, మీరు అనుకున్నదే.
- జీఎంపీ దొరికింది, దాని వెర్షన్ సంఖ్య కనిపించింది.
- రీడ్‌లైన్ దొరికింది.
- చివర్లో వచ్చే ఇన్‌స్టాల్ దారులన్నీ మీ హోమ్‌లోనే ఉన్నాయి.

గ్రాఫిక్స్ ఏమీ లేవని కనిపిస్తే వదిలేయండి. లెక్కలకు దానితో పని లేదు.

ఏదైనా దొరకలేదంటే దాని డెవ్ ప్యాకేజీ పెట్టి కాన్ఫిగర్‌ను మళ్ళీ నడపాలి. ప్యాకేజీ పెట్టేసి నేరుగా మేక్‌కు వెళ్ళడం చాలామంది చేసే పొరపాటు. కొత్తగా వచ్చినదాన్ని మేక్ గుర్తించదు, పాత జవాబులతోనే పని చేసుకుపోతుంది.

## 5. మేక్

ఎన్‌ప్రాక్ అని ఇస్తే కోర్లు ఎన్నో తెలుస్తుంది. నాలుగు ఉంటే:

మేక్ డాష్ జే4 జీపీ

మేక్ ఆల్ అంటే పారీ వాడుక పుస్తకాలు కూడా తయారవుతాయి, దానికి టెక్ (పుస్తకాలను టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్) కావాలి. అది లేనివాళ్ళకు మేక్ జీపీ చాలు.

తెర మీద వరుసగా వచ్చే వార్నింగులకు భయపడకండి. ఎర్రర్ అని వచ్చి ఆగితేనే సమస్య. సమాంతరంగా నడిచినప్పుడు అసలు ఎర్రర్ చాలా పైన ఉండిపోయి, కింద సంబంధం లేని లైన్లు కనిపిస్తాయి. అప్పుడు డాష్ జే లేకుండా మేక్ జీపీ అని మరోసారి ఇవ్వండి, ఆగిన చోటే అసలు కారణం చివరి లైన్లలో కనిపిస్తుంది.

## 6. పరీక్షలు తప్పనిసరి

మేక్ ముగియగానే ఇన్‌స్టాల్ చేయకండి. ముందు మేక్ బెంచ్ నడపండి. ఒక్కో అంశాన్ని తీసుకుని, వచ్చిన జవాబును ఉండాల్సిన జవాబుతో పోల్చి, పట్టిన సమయం రాస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే పెద్దక్షరాల్లో బగ్ అని చూపి, ఆ తేడాలు ఏ ఫైలులో ఉన్నాయో చెబుతుంది.

దీన్ని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మామూలు ప్రోగ్రాము తప్పుగా కంపైల్ అయితే మూసుకుపోతుంది, మనకు తెలిసిపోతుంది. గణిత సాఫ్ట్‌వేర్ అలా కాకుండా తప్పు జవాబును నిబ్బరంగా చూపించగలదు. ఆ జవాబు మీ ప్రాజెక్టు నివేదికలోకి వెళ్ళాక పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. జీఎంపీ తయారుచేసేవాళ్ళు కూడా మేక్ చెక్ నడపకుండా తమ లైబ్రరీని వాడవద్దని స్పష్టంగా రాశారు, ఎందుకంటే కంపైలర్ లోపాల వల్ల అది తప్పుగా తయారైన సందర్భాలు చాలా ఉన్నాయి.

బగ్ అని వస్తే ఆ తేడా ఫైలు తెరిచి చూడండి. సందేశంలో అక్షరాల తేడానా, సంఖ్యలోనే తేడానా? సంఖ్య మారితే ఆ బిల్డ్‌ను వాడకండి. మేక్ క్లీన్‌తో బిల్డ్ అయిన ఫైళ్ళను చెరిపేసి, మరో వెర్షన్ కంపైలర్‌తోనో, తక్కువ ఆప్టిమైజేషన్‌తోనో (కోడును వేగవంతం చేయడానికి కంపైలర్ చేసే మార్పులు తగ్గించి) కాన్ఫిగర్ నుంచి మళ్ళీ బిల్డ్ చేయండి.

## 7. ఇన్‌స్టాల్, దారి చూపడం

మేక్ ఇన్‌స్టాల్ ఇవ్వండి. ప్రిఫిక్స్ మీ హోమ్‌లో ఉంది కాబట్టి సుడో వద్దు.

తర్వాత హోమ్‌లోని బ్యాష్ఆర్‌సీ ఫైలు చివర పాత్ లైను చేర్చాలి: ఎక్స్‌పోర్ట్ పాత్ ఈక్వల్స్, మీ పారీ ఫోల్డరులోని బిన్, కోలన్, డాలర్ పాత్. పాత్ కూడా పెద్దక్షరాల్లోనే. మన బిన్ ముందు రావాలి, లేకపోతే ఉబుంటు ఇచ్చిన పాత జీపీయే నడుస్తుంది. టెర్మినల్ మూసి మళ్ళీ తెరిచి టైప్ డాష్ ఏ జీపీ అని అడగండి. రెండు దారులు కనిపిస్తే మొదటిదే నడిచేది.

8 నుంచి 11 డిగ్రీల బహుపదులకు గాల్వా సమూహాలు కావాలంటే గాల్‌డేటా అనే దత్తాంశం ప్యాకేజీ వేరే దింపుకోవాలి. దాన్ని పారీ సోర్స్ పై ఫోల్డరులో విప్పి మళ్ళీ మేక్ ఇన్‌స్టాల్ ఇస్తే తన చోటికి చేరుతుంది. ఎలిప్టిక్ వక్రాల పట్టికకు ఎల్‌డేటా, ఇదే పద్ధతి.

## 8. తలకట్టు చదివి, రెండు లెక్కలు చేయండి

జీపీ అని టైపు చేయగానే వచ్చే ఆ కొన్ని లైన్లలో మీ బిల్డ్ చరిత్ర అంతా ఉంటుంది. కెర్నల్ అన్న చోట జీఎంపీ పేరు, వెర్షన్ ఉండాలి. థ్రెడింగ్ ఇంజిన్ అన్న చోట పీథ్రెడ్ ఉండాలి, సింగిల్ అని ఉంటే ఎంటీ పనిచేయలేదు. రీడ్‌లైన్ ఎనేబుల్డ్ అని ఉండాలి. కంపైల్ అయిన తేదీ మీరు బిల్డ్ చేసిన రోజే కావాలి. పాత తేదీ ఉంటే మీరు మాట్లాడుతున్నది వేరే జీపీతో.

ఇప్పుడు 2^64-1 కారణాంకాలు అడగండి. చదరంగం గళ్ళలో గింజలను రెట్టిస్తూ పోయే లెక్కలో చివరి మొత్తం ఇదే: 18446744073709551615. ఫ్యాక్టర్ ఫంక్షన్ రెప్పపాటులో 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యలను ఒక్కొక్క వరుసలో చూపాలి. తర్వాత 2^127-1 ప్రధాన సంఖ్యేనా అని ఈజ్‌ప్రైమ్‌ను అడగండి. జవాబు 1 రావాలి.

## 9. సుడో లేని ల్యాబులో జీఎంపీ

డెవ్ ప్యాకేజీలు పెట్టమని అడిగే వీలు లేకపోతే జీఎంపీని కూడా హోమ్‌లోనే బిల్డ్ చేసుకోవచ్చు. వరుస ఇది: దింపి, సంతకం చూసి, విప్పి, చుక్క-గీత కాన్ఫిగర్ (ఇక్కడ చిన్నక్షరం) ప్రిఫిక్స్‌తో, మేక్, మేక్ చెక్, మేక్ ఇన్‌స్టాల్. ఆ తర్వాత పారీ కాన్ఫిగర్‌కు డాష్ డాష్ విత్-జీఎంపీ ఈక్వల్స్ అంటూ ఆ ఫోల్డరును చూపాలి.

జీఎంపీకి ఎం4 అనే చిన్న పనిముట్టు కావాలి. అది లేకపోతే కాన్ఫిగర్ ఆ పేరు చెప్పి ఆగుతుంది. జీసీసీ 15 ఉన్న కొత్త లినక్స్‌లో జీఎంపీ 6.3.0 పనిచేసే కంపైలర్ దొరకలేదని చెబితే కంపైలర్ లోపం అనుకోకండి. ఆ జీసీసీ సీ భాష కొత్త ప్రమాణాన్ని అనుసరిస్తుంది. కాన్ఫిగర్‌కు ముందు సీసీ (పెద్దక్షరాల్లో) విలువగా, కోట్ గుర్తుల మధ్య, జీసీసీ డాష్ ఎస్‌టీడీ ఈక్వల్స్ గ్నూ17 అని ఇస్తే దాటుతుంది.

ల్యాబులు చూసుకునేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. జీఎంపీ తాను బిల్డ్ అయ్యే ప్రాసెసర్‌ను గుర్తించి దానికి తగ్గ కోడునే ఎంచుకుంటుంది. కొత్త కంప్యూటర్‌లో బిల్డ్ చేసి, ఆ ఫోల్డరును పాత కంప్యూటర్లకు కాపీ చేస్తే అక్కడ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ఆగిపోవచ్చు. రకరకాల కంప్యూటర్లున్న ల్యాబుకు జీఎంపీ కాన్ఫిగర్‌లో డాష్ డాష్ ఎనేబుల్-ఫ్యాట్ చేర్చండి. అప్పుడు అన్ని రకాల కోడూ లోపల ఉండి, నడిచేటప్పుడు తగినదాన్ని ఎంచుకుంటుంది. కాపీ చేసేటప్పుడు అన్నింటిలోనూ ఫోల్డరు దారి ఒకటే ఉంచండి.

## 10. తరచుగా వచ్చే చిక్కులు, పరిష్కారాలు

కరెంటు పోయింది. ఒంగోలు, కనిగిరి వైపు మండు వేసవిలో, నెల్లూరులో నవంబరు, డిసెంబరు వాయుగుండాల రోజుల్లో ఇది తప్పని సమస్య. మళ్ళీ మేక్ ఇస్తే పూర్తయిన ఫైళ్ళను వదిలి మిగతావే చేస్తుంది. కానీ కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైలు సగంలో ఆగి, పరిమాణం సున్నాగా మిగలవచ్చు. మేక్‌కు అది పూర్తయిన ఫైలులాగే కనిపిస్తుంది, చివర్లో లింకు చేసేటప్పుడు ఫైలు గుర్తించలేకపోయానని ఎర్రర్ వస్తుంది. పారీ చిన్నది కాబట్టి వెతుక్కోవడం మానేసి మేక్ క్లీన్ చేసి మొదటి నుంచి నడపడమే మేలు.

క్లాక్ స్క్యూ డిటెక్టెడ్ అని వస్తోంది. గడియారం వెనక్కి వెళ్ళింది, ఫైళ్ళ సమయాలు భవిష్యత్తులో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. బిల్డ్ అసంపూర్తిగా ఉండవచ్చని మేక్ తానే హెచ్చరిస్తుంది, దాన్ని నమ్మండి. సమయం సరిచేసి, మేక్ క్లీన్ చేసి, మళ్ళీ బిల్డ్ చేయండి.

పై బాణం నొక్కితే పాత లైనుకు బదులు వింత గుర్తులు వస్తున్నాయి. రీడ్‌లైన్ లేకుండా బిల్డ్ అయింది. డెవ్ ప్యాకేజీ, కాన్ఫిగర్, మేక్, ఇదే వరుసలో మళ్ళీ.

లైబ్రరీ తెరవలేకపోయానంటోంది. యూఎస్ఆర్ లోకల్‌లో పెట్టినవాళ్ళు సుడో ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి. హోమ్‌లో జీఎంపీ పెట్టుకున్నవాళ్ళు దాని లిబ్ ఫోల్డరును ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో (అన్నీ పెద్దక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్) చేర్చాలి.

లెక్క మధ్యలో స్టాక్ ఓవర్‌ఫ్లో. ఇది బిల్డ్ లోపం కాదు. జీపీ లోపల డిఫాల్ట్ ఫంక్షన్‌తో పారీసైజ్‌మ్యాక్స్ విలువను 2జీకి పెంచండి. ఎప్పటికీ అలాగే ఉండాలంటే హోమ్‌లోని జీపీఆర్‌సీ ఫైలులో రాయండి.

కిల్డ్ అని ఆగింది. ర్యామ్ చాలలేదు. డాష్ జే సంఖ్య తగ్గించండి.

## 11. సేజ్‌మ్యాథ్ మాటేమిటి?

పారీ, జీఎంపీలతో పాటు ఎన్నో సాఫ్ట్‌వేర్లను కలిపిన సేజ్‌మ్యాథ్‌ను కూడా ఇలాగే సోర్స్ నుంచి బిల్డ్ చేయవచ్చు కానీ, అది గంటల పని. సోర్స్ టార్ ఫైలే ఒక జీబీకి పైన ఉంటుంది, బిల్డ్‌కు 10 జీబీ దాకా డిస్కు కావాలి, కోరుకు 2 జీబీ చొప్పున ర్యామ్ ఉంచుకోవాలి. రూట్‌గా (అడ్మినిస్ట్రేటర్‌గా) నడిపితే ఒప్పుకోదు, దారిలో ఖాళీ జాగా ఉంటే పనికిరాదు. ఏ ప్యాకేజీ దగ్గర ఆగిందో దాని లాగ్ ఫైలు లాగ్స్ ఫోల్డరులో ఆ పేరుతోనే ఉంటుంది. సేజ్ కోడులోనే మార్పులు చేయదలిస్తే తప్ప కొండా అనే ప్యాకేజీ మేనేజరుతో పెట్టుకోమనే నా సలహా.

## 12. సాయం అడిగేటప్పుడు

ఫోనుతో తీసిన తెర ఫోటోలో చివరి ఇరవై లైన్లే ఉంటాయి, వాటితో ఎవరూ ఏమీ చెప్పలేరు. కాన్ఫిగర్, మేక్ రెండింటి మాటలనూ టీ ఆదేశంతో ఫైళ్ళలోకి కూడా పంపుకోండి: మేక్ జీపీ, స్పేస్, 2>&1, నిలువు గీత, టీ, ఫైలు పేరు. అడిగేటప్పుడు ఇవి ఇవ్వండి:

- కాన్ఫిగర్ చెప్పిన మొత్తం మాటలు, మీరు ఇచ్చిన ఆప్షన్లతో సహా.
- మేక్ ఫైలులో మొదట వచ్చిన ఎర్రర్, దానికి పైన పది లైన్లు.
- లినక్స్ పేరు, వెర్షన్, జీసీసీ వెర్షన్.
- మేక్ బెంచ్ దగ్గర సమస్య అయితే తేడాలున్న ఆ ఫైలు.

పారీ అభివృద్ధి చేసేవాళ్ళకు బగ్ నివేదించేటప్పుడు కూడా ఇవే కావాలి. అక్కడ ఇంగ్లిషులో రాయాలి. వాక్యాలు పొట్టిగా ఉన్నా ఫరవాలేదు, ఫైళ్ళు మాత్రం పూర్తిగా జతచేయండి.